ల్యాబుకు దుడ్డుంది, లెక్కకు లేదా?

కర్ణాటకలో చిక్కబళ్ళాపురం జిల్లా చింతామణి, బాగేపల్లి వైపు సర్కారు బడుల్లో సైన్సు కార్యక్రమాలు నడిపేవాళ్ళను కదిపితే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "కొలిచేదానికి దుడ్డెందుకు సార్? ఆ దుడ్డుతో ఇంకో బడికి సామాన్లు వస్తాయి గదా." బెంగళూరు కంపెనీల సామాజిక బాధ్యత (సి.ఎస్.ఆర్.) విభాగాల్లోనూ ఇదే మాట. హైదరాబాదులో, విజయవాడలో విద్యాశాఖ సమావేశాల్లోనూ ఇదే. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు కలిపి స్టెమ్ అంటున్న ఈ చదువుకు కిట్లు కావాలి, ల్యాబులు కావాలి, బస్సులు కావాలి. అది పనిచేస్తోందో లేదో పరిశోధించడానికి గ్రాంటు అడగడం మాత్రం దండగ అన్నది ఇవాళ అందరూ ఒప్పేసుకున్న అభిప్రాయం.

ఆ వాదన బలం తగ్గించకుండా పూర్తిగా చెప్పుకుందాం. పల్లె బడికి కొరత వస్తువులది, మనుషులది. చింతామణి తాలూకా మురుగమల్ల హోబళీలో ఒక హైస్కూలుకు సూక్ష్మదర్శిని లేదంటే అది కళ్ళకు కనబడే లోటు. సర్వేలు, ప్రశ్నపత్రాలు, గణాంకాలు పిల్లల చేతికి ఏమీ ఇవ్వవు. పిల్లలు ఉత్సాహంగా ఉన్నారని మేష్టరుకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు. పరీక్షలు ఎలాగూ జరుగుతున్నాయి. గ్రాంటు అర్జీ రాయడం యూనివర్సిటీ వాళ్ళ పని, వాళ్ళకే ఇంగ్లీషు వస్తుంది, వాళ్ళకే గ్రాంటులిచ్చే చోట్ల పరిచయాలున్నాయి. పైగా మూల్యాంకన నివేదికలు చాలావరకు దాత మెప్పు కోసం రాసినవే. కాబట్టి ఉన్న నాలుగు రూపాయలూ బడికే పెట్టండి.

ఇలా అనేవాళ్ళలో తమ జీవితమంతా బడులకు ధారపోసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. వాళ్ళ వాదనను మాత్రం మొదటి మాట నుంచి చివరి మాట దాకా కాదంటున్నాను.

1. "ఆ దుడ్డుతో ఇంకో ల్యాబు వస్తుంది"

ల్యాబు వస్తే చదువు వస్తుందని ముందే తేల్చేసుకుంటేనే ఈ లెక్క నిలబడుతుంది. తేల్చాల్సిందే అది. తేలనిదాన్ని తేలినట్టు పట్టుకుని, దాన్ని తేల్చే ఖర్చును దండగ అనడం ఎలా కుదురుతుంది?

వస్తువు ఇస్తే ఫలితం దానంతట అదే రాదని మన తెలుగు నేల మీదే రుజువైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం నడిపారు. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ బ్యాంకు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి చేసిన పని అది. ఐదు జిల్లాల్లో 500 సర్కారు ప్రాథమిక బడులను తీసుకుని లాటరీ పద్ధతిలో ఐదు గుంపులు చేశారు. ఒక గుంపుకు పిల్లల మార్కులను బట్టి టీచర్లకు విడివిడిగా బోనస్, ఇంకో గుంపుకు బడి మొత్తానికి కలిపి బోనస్, మరో గుంపుకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, నాలుగో గుంపుకు బడి సామాన్లకు నగదు గ్రాంటు. ఐదో గుంపుకు ఏమీ ఇవ్వలేదు.

నగదు గ్రాంటు ఇచ్చిన బడుల సంగతి ప్రత్యేకంగా చూడాలి. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. అక్కడితో ఆపి ఉంటే "గ్రాంటు ఫలించింది" అని నివేదిక అచ్చయ్యేది, ఫోటోలు పడేవి, పథకం రాష్ట్రమంతా పాకేది. వాళ్ళు ఆపలేదు, రెండో ఏడాదీ కొలిచారు. ఈసారి పెరుగుదల లేదు. ఎందుకు లేదో కూడా వెతికారు, ఎందుకంటే బడినే కాక ఇంటి ఖర్చునూ అడిగి రాసుకున్నారు. బడిలో ఇస్తారని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము నోటుపుస్తకాలకు, పెన్సిళ్ళకు పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. బడి ఇచ్చింది, ఇల్లు మానుకుంది. పిల్ల చేతికి చేరిన మొత్తం దాదాపు అంతే. పేద ఇల్లు అలా చేయడంలో తప్పేమీ లేదు. ఉన్న డబ్బును ఇంకో అవసరానికి మళ్ళించుకున్నారు. కానీ బడి ఖాతా మాత్రమే చూసే మనిషికి ఈ సంగతి జన్మలో తెలియదు.

వస్తువిస్తే చాలన్న తప్పును పెరూ దేశం ఇంకా పెద్ద ఎత్తున చేసింది. పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద పల్లె బడులకు యంత్రాలు పంచింది. 319 బడుల్లో జరిగిన అధ్యయనం 2012లో బయటికొచ్చింది. యంత్రాలు చేరాయి, వాడకం పెరిగింది, లెక్కల్లో గానీ భాషలో గానీ చదువు పెరగలేదు.

ఇప్పుడు మన సంగతి. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలయ్యాయి, ఒక్కో బడికి 20 లక్షల గ్రాంటుతో. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్ళలో ఇంకో 50,000 ల్యాబులు పెడతామన్నారు. పాత లెక్కనే వేసుకున్నా 10,000 కోట్ల రూపాయలు. ఇందులో నూటికి ఒక రూపాయి పక్కన పెట్టినా 100 కోట్లు. ఆ 100 కోట్లకు 500 ల్యాబులు తగ్గుతాయి, నిజమే. మిగిలిన 49,500 ఎక్కడ పనిచేస్తున్నాయి, ఎక్కడ తాళం పడి ఉన్నాయి, ఎందుకు పడి ఉన్నాయి అన్నది తెలుస్తుంది. ఆ 500 ల్యాబుల కోసం ఈ తెలివిడిని వదులుకోమనేవాళ్ళు పిల్లల పక్షాన మాట్లాడుతున్నామని ఎలా అనగలరు?

2. "పిల్లల ముఖాలు చూస్తే తెలియడం లేదా?"

తెలుస్తుంది. పిల్లలకు ఆ రోజు నచ్చిందని తెలుస్తుంది. అంతకు మించి ఏమీ తెలియదు.

ఏడో తరగతి పిల్ల చేతిలో బ్యాటరీ, తీగ, చిన్న బల్బు పెట్టండి. బల్బు వెలిగితే చప్పట్లు కొడుతుంది, ఫోటో బాగా వస్తుంది. ఇప్పుడు తీగను బ్యాటరీకి ఒక కొన మీదే రెండుసార్లు తగిలించి, బల్బు ఎందుకు వెలగదో చెప్పమనండి. చెప్పగలిగితే సర్క్యూట్ అర్థమైంది. చెప్పలేకపోతే వెలగడం మాత్రమే చూసింది. రెండు ఫోటోలూ ఒకేలా ఉంటాయి.

ఉత్సాహానికి విలువ లేదనడం లేదు. కుప్పం దగ్గర గుడివంకలో ఆవరణ ఉన్న అగస్త్య ఫౌండేషన్ లాంటి సంస్థ తన లక్ష్యం కుతూహలం రేపడమేనని బాహాటంగా చెబుతుంది. మంచి లక్ష్యం. అప్పుడు కుతూహలాన్నే కొలవాలి. ల్యాబు వ్యాను వెళ్ళిపోయిన ఆరు నెలలకు ఆ పిల్ల తరగతిలో ఎన్ని ప్రశ్నలు అడుగుతోంది? టెన్త్ అయ్యాక పి.యు.సి.లో సైన్సు తీసుకుంటోందా? ఆడపిల్లలు తీసుకుంటున్నారా? ఇవన్నీ కొలవదగినవే, కొలిచే పద్ధతులూ ఉన్నాయి. వ్యాను వచ్చిన రోజు నవ్వులు చూసి ఇంటికి పోవడం వాటికి జవాబు కాదు.

3. "పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి, ఆ మార్కులు చాలు"

కర్ణాటక పదో తరగతి (ఎస్.ఎస్.ఎల్.సి.) ఉత్తీర్ణత 2023లో 83.89 శాతం. 2024లో 73.40 శాతం. ఒక్క ఏడాదిలో పది శాతానికి పైగా పడింది, అదీ గ్రేస్ మార్కులు పెంచిన తర్వాత. రాష్ట్రంలో పిల్లలు ఒక్క ఏడాదిలో అంత మొద్దులయ్యారా? పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ మొదలుపెట్టారు. మారింది కాపలా. 2023లో ఏదైనా బడికి స్టెమ్ కార్యక్రమం వచ్చి ఉంటే, ఆ ఏటి శాతం చూపి గొప్పగా నివేదిక రాసుకుని ఉండేవారు. 2024లో వచ్చి ఉంటే ఆ కార్యక్రమమే పిల్లలను చెడగొట్టిందని మూసేసేవారు. రెండూ అబద్ధాలే అయ్యేవి.

ఇక అసర్ సర్వే. జిల్లాకు 30 ఊళ్ళు, ఊరికి 20 ఇళ్ళు. చదవడం, అంకెలు గుర్తుపట్టడం, తీసివేతలు, భాగారం చూస్తుంది. దేశంలో మౌలిక చదువు ఎంత వెనకబడి ఉందో బయటపెట్టిన గొప్ప పని అది. కానీ అది సైన్సును అడగదు. చింతామణి తాలూకా గురించి విడిగా చెప్పేంత మంది పిల్లలు అందులో ఉండరు. ఉన్న పరీక్షలు తమ పని తాము చేస్తున్నాయి. మన ప్రశ్న వాటిని ఎవరూ అడగలేదు.

4. "మేమే ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష పెట్టాం. మార్కులు పెరిగాయి"

సంస్థల వార్షిక నివేదికల్లో ఎక్కువగా కనబడే రుజువు ఇదే. జూన్‌లో సగటు 38, మార్చిలో 51 అనుకుందాం. కార్యక్రమం వల్ల 13 మార్కులు పెరిగాయంటారు. జూన్ నుంచి మార్చి దాకా ఆ పిల్లలకు క్లాసులు జరగలేదా? తొమ్మిది నెలల వయసు పెరగలేదా? ఏ కార్యక్రమమూ లేని పక్క ఊరి బడిలో ఎంత పెరిగిందో తెలియకుండా ఈ 13కు అర్థం లేదు. అక్కడా 13 పెరిగి ఉంటే కార్యక్రమం చేసింది సున్నా.

ఇంకో చిక్కుంది. హుషారైన హెడ్‌మాస్టరు ఉన్న బడే ల్యాబు కోసం ముందుగా చెయ్యెత్తుతుంది. ఆ బడి ల్యాబు లేకున్నా బాగుపడేదే. మనం కొలుస్తున్నది ఆ హెడ్‌మాస్టరు పట్టుదలను, పేరు పెడుతున్నది ల్యాబుకు.

"600 మంది పిల్లలకు పెట్టాం, అది చాలదా" అంటారు. చాలకపోవచ్చు. ఒకే బడి పిల్లలకు మేష్టరు ఒకరే, ఊరు ఒకటే, కరెంటు కోతలూ ఒకటే. అందుకే వాళ్ళ మార్కులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. మార్కుల తేడాల్లో ఐదో వంతు బడికీ బడికీ మధ్య ఉన్న తేడా వల్లనే అనుకోండి. 20 బడుల నుంచి 30 మంది చొప్పున 600 మందిని తీసుకుంటే, గణాంకాల లెక్కలో ఆ 600 మంది ఒకరితో ఒకరికి సంబంధం లేని 88 మందితో సమానం. అదే 600 మందిని 60 బడుల నుంచి పదేసి మందిగా తీసుకుంటే 214 మందితో సమానం. పిల్లల సంఖ్య మారలేదు, ప్రశ్నపత్రాల ఖర్చు మారలేదు. బడులను ఎంచుకున్న తీరు మారింది, రుజువు బలం రెండింతలు దాటింది. ఈ పాటి లెక్క ముందే వేసి పెట్టే మనిషి కోసం గ్రాంటులో ఒక పద్దు ఉండాలి. అది లేకపోవడం వల్లే ఏళ్ళ తరబడి పోగుచేసిన మార్కుల కట్టలు ఎందుకూ కొరగాకుండా బీరువాల్లో పడి ఉంటున్నాయి.

5. "బెంగళూరులో పనిచేసింది ఇక్కడా పనిచేస్తుంది. పిల్లలు ఎక్కడైనా పిల్లలే"

ఈ మాట దగ్గరే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

మురుగమల్లకు దర్గా వల్ల పేరు. గంధం, ఉరుసులకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ హోబళీలో, పక్కనున్న బాగేపల్లి వైపు, చేలూరు వైపు ఇళ్ళలో వినబడేది ఎక్కువగా తెలుగు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి. కైవారం తాతయ్య తెలుగులో తత్వాలు పాడిన తాలూకా ఇది. బడి కన్నడంలో జరుగుతుంది. కిట్టు మీద అంటించిన కాగితం కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. పరీక్ష కన్నడంలో ఉంటుంది.

శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టిన పిల్లను తీసుకోండి. పురుగుకు నాలుగు జ్వరాలు (కుబుసం విడిచే దశలు) వస్తాయని, జ్వరంలో ఉన్నప్పుడు ఆకు ముట్టదని, నాలుగో జ్వరం దాటాక రాత్రీ పగలూ మేస్తుందని, మేత మాని ఒళ్ళు పసుపు తిరిగితే చంద్రికల మీదికి ఎత్తాలని ఆ పిల్లకు తెలుసు. వేడి పెరిగితే, తేమ పెరిగితే ఏమవుతుందో తెలుసు. తరగతిలో చాలామంది పిల్లలకన్నా ఆమెకు కీటకాల జీవచక్రం గురించి ఎక్కువ తెలుసు. ఇప్పుడు కన్నడంలో అచ్చయిన ప్రశ్నకు ఆమె తెల్లకాగితం ఇచ్చిందనుకుందాం. నివేదికలో "సైన్సు అవగాహన తక్కువ" అని పడుతుంది. కార్యక్రమం విఫలం అని పడుతుంది. ఆ రెండు తీర్పుల్లో ఏదీ నిజం కాకపోవచ్చు. చదివి అర్థం చేసుకోవడంలో ఇబ్బంది వల్లనో, రాయడంలో ఇబ్బంది వల్లనో, నిజంగానే పాఠం రాకనో ఆ కాగితం తెల్లగా ఉండవచ్చు. విడదీసి చూడకపోతే ఏది కారణమో ఎవరూ చెప్పలేరు.

విడదీయడం కష్టమైన పని కాదు. అవే పది ప్రశ్నలు రాతలో కన్నడంలో, నోటితో కన్నడంలో, నోటితో తెలుగులో, చేతిలో వస్తువు పెట్టి. నాలుగు విధాలు. ముందు అడిగిన భాష ప్రభావం తర్వాతి జవాబు మీద పడకుండా సగం మందికి ఒక వరుస, మిగతా సగానికి తిరగేసిన వరుస. తెలుగు, కన్నడం రెండూ వచ్చిన కుర్రవాళ్ళు ప్రశ్నలు అడగాలి. చింతామణి, బాగేపల్లి డిగ్రీ కాలేజీల్లో అలాంటివాళ్ళకు కొదవ లేదు. వాళ్ళకు నాలుగు రోజుల శిక్షణ, బస్సు ఛార్జీలు, దినబత్తెం కావాలి. ఒక్క ల్యాబు ఖర్చులో చిన్న ముక్క.

ఈ పని ఎందుకు జరగడం లేదంటే, కర్ణాటకలో సర్వే చేసేవాళ్ళకు ఇది కన్నడ బడి. ఆంధ్రలో, తెలంగాణలో తెలుగు పిల్లల చదువు గురించి పరిశోధించేవాళ్ళకు ఇది పరాయి రాష్ట్రం. మధ్యలో ఈ తాలూకాల పిల్ల ఎవరి పట్టికలోనూ లేదు. బడుల వివరాలు సేకరించే యూడైస్ ఫారంలో పిల్లల మాతృభాష రాసే గడి ఉంది, హెడ్‌మాస్టర్లు దాన్ని నింపుతూనే ఉన్నారు. ఆ గడిని సైన్సు మార్కుల పక్కన పెట్టి చూడడానికి ఒక మనిషి, ఒక ఆరు నెలలు, ఒక గ్రాంటు కావాలి. "కొలిచేదానికి దుడ్డెందుకు" అన్నవాళ్ళు అడ్డుకుంటున్నది దీన్ని. 2020 జాతీయ విద్యా విధానం వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంటుంది. ఇంటి భాషకూ సైన్సుకూ ఇక్కడ ఉన్న సంబంధం ఏమిటో అంకెలతో చూపకుండా ఆ మాటను ఏ అధికారి ముందు పెట్టగలం?

6. "గ్రాంటు అర్జీ రాయడం మనవల్ల కాదు"

పల్లెవాళ్ళ వల్ల అయిన పని చూడండి. 1972లో మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం 16 పల్లె బడుల్లో మొదలైంది. మొదలుపెట్టినవి కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు గ్రామీణ సంస్థలు. పెద్ద శాస్త్రవేత్తలు వచ్చి చేయి కలిపారు. 30 ఏళ్ళు నడిచి, 2002లో ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. దేశంలో చేతులతో సైన్సు నేర్పడం గురించి ఇవాళ మాట్లాడే ఎవరైనా ఆ 16 బడుల దగ్గరికే వెళ్ళాలి.

రుజువు అడిగే అలవాటుకు ఈ జిల్లా చరిత్రలోనూ దాఖలా ఉంది. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య భౌతికశాస్త్రవేత్త అయ్యారు, బెంగళూరు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. అద్భుతాలు చేస్తామనేవాళ్ళను పరీక్షించాలని 1976లో కమిటీ వేసింది ఆయనే. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా రుజువు అడగాలన్న మనిషి పుట్టిన జిల్లాలో, స్టెమ్ కార్యక్రమాల నివేదికలను రుజువు అడగకుండా ఒప్పుకోవడం నాకు కొరుకుడు పడదు.

అర్జీలో ఉండాల్సినవి కూడా బ్రహ్మవిద్య కాదు. ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాం. ఎవరితో ఎవరిని పోలుస్తున్నాం. దేనితో కొలుస్తాం, ఆ కొలత నమ్మదగినదని ఎలా తెలుసు. ఎవరు కొలుస్తారు, వాళ్ళకు కార్యక్రమంతో సంబంధం ఉందా. ఎంత ఖర్చు. ఫలితం మనకు నచ్చకపోతే ఏం చేస్తాం. ఈ ఆరింటిలో మొదటి రెండింటికి జవాబు మురుగమల్ల మేష్టరుకు తెలిసినంతగా ఢిల్లీలో ఎవరికీ తెలియదు. ఏ ఊరి పిల్లలు ఏ నెలలో మామిడి తోటల పనులకు వెళ్ళి బడి మానేస్తారో, ఏ నెలలో టొమాటో కోతలో ఉంటారో ఆయనకే తెలుసు. పరీక్ష ఆ నెలలో పెడితే వచ్చే అంకె తప్పుడు అంకె.

అడ్డంకులు లేవనడం లేదు, ఉన్నాయి. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐ.సి.ఎస్.ఎస్.ఆర్.) లాంటి చోట అర్జీకి గుర్తింపు ఉన్న సంస్థ కావాలి. స్వచ్ఛంద సంస్థకు కేంద్ర ప్రభుత్వ దర్పణ్ పోర్టల్లో నమోదు కావాలి. విదేశీ నిధులైతే ఆ విరాళాల చట్టం (ఎఫ్.సి.ఆర్.ఎ.) కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత అలా వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. చివర్లో యుటిలైజేషన్ సర్టిఫికెట్లు. వీటికి విరుగుడు ఒంటరిగా అర్జీ పెట్టకపోవడం. బాగేపల్లి నేషనల్ కాలేజీ ఉంది, జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ (డయట్) ఉంది, బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది. గుర్తింపు వాళ్ళది, ప్రశ్న మనది. ఆ ప్రశ్నను వాళ్ళ చేతికి వదిలేసి సహాయకులుగా మిగిలిపోతేనే తప్పు.

7. "పల్లె పిల్లల మీద ప్రయోగాలా? సగం మందికి ఇచ్చి సగం మందికి ఎగ్గొడతారా?"

40 బడులున్న చోటికి 20 ల్యాబులే వచ్చినప్పుడు సగం మందికి ఎలాగూ అందవు. ఎవరికి అందాలో ఇప్పుడు ఎవరు తేలుస్తున్నారు? ఎమ్మెల్యే సిఫారసు, రోడ్డు పక్కన ఉండడం, ఫోటో తీయడానికి వీలు. వాటికన్నా అందరి ముందు తీసిన లాటరీ వెయ్యి రెట్లు న్యాయమైనది. ఈ ఏడు రాని బడికి వచ్చే ఏడు ఇస్తామని కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ ఒక్క ఏడాది తేడాలోనే పోలిక దొరుకుతుంది, ఎవరికీ ఏదీ ఎగ్గొట్టినట్టు కాదు.

పిల్లల వివరాల భద్రత మీద జాగ్రత్త ఉండాల్సిందే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళ లోపు వారి విషయంలో తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. ఆ అనుమతి పత్రం తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో ఉండాలి. చదవడం రాని తల్లికి బడి అభివృద్ధి, పర్యవేక్షణ సమితి (ఎస్.డి.ఎం.సి.) సమావేశంలో చదివి వినిపించాలి. ఏ పరీక్షా చేయకుండా రాష్ట్రంలోని పిల్లలందరి మీద ఒకేసారి ఒక కొత్త పథకం రుద్దడం కూడా ప్రయోగమే. ఫలితం రాసుకోని ప్రయోగం. దానికి అనుమతి అడిగినవాళ్ళెవరూ లేరు.

8. "మూల్యాంకనాలన్నీ దాతను మెప్పించే కాగితాలే"

ఈ ఆక్షేపణలో నిజం పాలు ఎక్కువ. సి.ఎస్.ఆర్. నిబంధనలను 2021లో సవరించినప్పుడు, మూడేళ్ళ సగటున 10 కోట్లు ఆ పైన బాధ్యత ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు ఆ పైన పెట్టిన ప్రాజెక్టులకు బయటి సంస్థతో ప్రభావ అంచనా చేయించాలన్నారు. ప్రాజెక్టు ముగిసిన ఏడాదికి గానీ ఆ అంచనా అవసరం లేదు. ముగిశాక వెళ్ళేవాడికి మొదట్లో పిల్లలు ఎక్కడున్నారో తెలియదు, పోలికకు వేరే బడి ఉండదు. నలుగురిని కూర్చోబెట్టి "బాగుందా" అని అడిగి వస్తాడు. కోటి లోపు ప్రాజెక్టులకు ఆ మాత్రమూ లేదు. ఒక హోబళీలో నాలుగైదు బడులకు వచ్చే కార్యక్రమం కోటి దాటడం అరుదు. అంటే చట్టం పెట్టిన ఆ కొద్దిపాటి తనిఖీ కూడా మురుగమల్ల గడప దాటి రాదు.

కానీ దీన్నుంచి "కొలవడం మానేద్దాం" అన్న ముగింపు ఎలా వచ్చింది? చెడ్డ కొలత ఉందంటే మంచి కొలత అడగాలి. 2022 సవరణ ప్రకారం ఆ ఏడాది సి.ఎస్.ఆర్. ఖర్చులో 2 శాతం లేదా 50 లక్షలు, ఏది ఎక్కువైతే అంత ప్రభావ అంచనాకు పెట్టుకోవచ్చు. తలుపు తెరిచే ఉంది, లోపలికి వెళ్ళి అడిగినవాళ్ళు తక్కువ. ఇంగ్లండులో 2011లో 12.5 కోట్ల పౌండ్ల ప్రభుత్వ నిధితో మొదలైన ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ తాను డబ్బిచ్చే కార్యక్రమాలను స్వతంత్ర సంస్థలతో కొలిపిస్తుంది, ఫలితం లేకపోతే లేదని ప్రకటిస్తుంది. మన ఆంధ్ర అధ్యయనమూ అంతే. నగదు గ్రాంటు రెండో ఏడాది పనిచేయలేదని ప్రభుత్వ భాగస్వామ్యంతో జరిగిన పనే చెప్పింది. అదే అధ్యయనం బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రం మార్కులనూ చూసింది, టీచర్లు వాటిని గాలికొదిలేశారేమో అని. వదిలేయలేదు, ఆ మార్కులూ పెరిగాయి. నచ్చని ఫలితాన్నీ, ఊహించని ఫలితాన్నీ ఒకే చేత్తో రాసిన పని అది.

ఒకే దాత మీద ఆధారపడితే ఏమవుతుందో అమెరికా చూపించింది. 2025 ఫిబ్రవరిలో అక్కడి విద్యాశాఖ పరిశోధన విభాగంలో దాదాపు 90 కోట్ల డాలర్ల ఒప్పందాలు రద్దయ్యాయి. ఏప్రిల్, మే నెలల్లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెయ్యికి పైగా గ్రాంట్లు ఆపేసింది, ఎక్కువ దెబ్బ స్టెమ్ విద్య విభాగానికే తగిలింది. ఏళ్ళ తరబడి వెంట ఉండి చూస్తున్న పిల్లల వివరాలు మధ్యలో తెగిపోయాయి. అందుకే ఒక ప్రశ్నకు రెండు మూడు చోట్ల నుంచి డబ్బు తెచ్చుకోవాలి. పోగుచేసిన మార్కుల నకలు జిల్లాలోనే ఒక కాలేజీలో ఉండాలి.

ఇక నా పక్షం. ఈ తాలూకాల్లో ఏ సర్కారు బడీ, ఏ ఎస్.డి.ఎం.సి. కూడా పరిశోధన పద్దు లేని స్టెమ్ కార్యక్రమాన్ని ఇకమీదట ఒప్పుకోకూడదు. ఖర్చులో పదో వంతు ఆ పద్దుకు ఉండాలి. సామాన్లు దిగకముందే మొదటి కొలత జరగాలి. కొలిచేవాళ్ళు కార్యక్రమం నడిపేవాళ్ళ జీతగాళ్ళు కాకూడదు. పిల్లల ఇంటి భాష ప్రతి జవాబు పక్కన రాయాలి. ఫలితం ఏదైనా ఏడాదిలోగా బడి గోడ మీద తెలుగులో, కన్నడంలో అంటించాలి. "పనిచేయలేదు" అని తేలినా సరే, ఆ కాగితం చింపే హక్కు దాతకు ఉండకూడదని ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఈ షరతులకు ఒప్పుకోని కంపెనీ వెనక్కి పోతే పోనివ్వండి.

50,000 ల్యాబుల్లో ఈ జిల్లా వంతు వచ్చే రోజు ఎంతో దూరంలో లేదు. ఏ బడికి ముందు, ఏ బడికి తర్వాత అన్న జాబితా బెంగళూరు నుంచి దిగకముందే చింతామణి, బాగేపల్లి విద్యాధికారుల (బి.ఇ.ఒ.ల) ముందు ఒక అర్జీ ఉండాలి: లాటరీ తీయండి, తీసేముందు అన్ని బడుల్లోనూ రెండు భాషల్లో పరీక్ష పెట్టడానికి మాకు అనుమతి ఇవ్వండి. దాని వెంటే, ఆ పరీక్ష ఖర్చుకు ఐ.సి.ఎస్.ఎస్.ఆర్.కు ఒకటి, ఒక కంపెనీకి ఒకటి, రెండు ప్రపోజళ్ళు పోవాలి.